సలోమి మెతుకులు తిన్న ఎలుక

మా పక్కింటి సలోమిది బాపట్ల. ఇక్కడ ఇంగ్లండులో, షెఫీల్డ్‌లోని ఒక ల్యాబులో ఎలుకల్ని చూసుకునే ఉద్యోగం. పొద్దున్నే వెళ్ళి ఒక్కోదాన్నీ తూచాలి, కొలిచిన మేత వేయాలి, బోనులు కడగాలి. ఆ సంగతి తెలిసిన రోజే టీ ఇచ్చి కూర్చోబెట్టాను.

"ఎలుకల్ని తూచడమేమిటే, బంగారమా?"

"హెచ్‌ఐవీ మందు ఇస్తన్నారు ఆంటీ వాటికి. దాంతో ఒళ్ళు తగ్గుద్దో పెరుగుద్దో చూడాలంట."

"వాటికా జబ్బుందా?"

"లేదు. చిక్కింది జబ్బు వల్లనా, మందు వల్లనా అని తేలాలంటే జబ్బు లేనిదానికే ఇచ్చి చూడాల గదా."

అని తల దించుకుంది. అలా దించుకోవడం ఎందుకో కొన్నాళ్ళకు తనే చెప్పింది. ఆమె దగ్గరే ఉండే తమ్ముడు ఆషెర్ ఆ జబ్బుకే మందు వాడుతున్నాడు. (అక్కాతమ్ముళ్ళిద్దరూ రాయమన్నాకే ఇది రాస్తున్నాను.) అతని బుగ్గలు లోపలికి పోయాయి. మనవాళ్ళ పలకరింపు తెలిసిందే కదా. ఆదివారం తెలుగు ప్రార్థనకి వెళితే చాలు, "ఏం బాబూ, అంత చిక్కిపోయావు?" అని ప్రేమగా చెయ్యి పట్టుకునేవారు. ఇంటికొచ్చి అతను మాత్రల డబ్బా విసిరేసేవాడు. "ఇయ్యి మానేస్తే గానీ నా మొహం నాకు రాదు" అనేవాడు. మానేస్తే తమ్ముడు దక్కడని సలోమి భయం.

ల్యాబులో ఒక ఎలుక అన్నిటికంటే నీరసంగా ఉండేది. దాన్ని చూస్తే సలోమి చేతులు ఊరుకోలేదు. తన టిఫిన్ డబ్బాలోని అన్నం చాటుగా కోటు జేబులో వేసుకెళ్ళి పెట్టింది. ఎలుక తేరుకుంది, తూకం పెరిగింది. ఆ సాయంత్రం తమ్ముడితో, "మందు తింటానే ఒళ్ళు చేసిందిరా! నువ్వూ చేస్తావు" అంది. అతను నమ్మి, మాత్ర వేసుకుని, కడుపునిండా తిన్నాడు.

తర్వాత ఒకరోజు మా వంటగదిలో కూలబడి, ఎలుకకి చాటుగా తిండి పెట్టిన సంగతి చెప్పి ఏడ్చింది.

"ఏం పెట్టావే దానికి?"

"పప్పన్నం ఆంటీ."

"ఎలుకకి పప్పన్నమా! నెయ్యి కూడా వేశావా?"

"కొంచెం…" ఏడుస్తూనే నవ్వింది. మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. "ఆ తూకం నమ్మి రేపు ఎవరికైనా ఈ మందు మంచిదని రాసిస్తే? అట్టాంటోళ్ళల్లో మావోడూ ఉన్నాడు గదా."

మర్నాడే పైఅధికారితో చెప్పేసింది. గట్టిగా చీవాట్లు పడ్డాయి. ఆ ఎలుకను లెక్కలోంచి తీసేశారు. కొన్నాళ్ళు తూచే పని కాదు, బోనులు కడిగే పనే అన్నారు. అది ఆమెకు పెద్ద బాధ కాలేదు. తమ్ముడికి చెప్పడమే కష్టమైంది. తోడు రమ్మంటే వెళ్ళాను.

ఆషెర్ విని మాత్రల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "అయితే ఈ మందు వల్లే చిక్కుతున్నానా అక్కా?"

"నాకు తెలీదురా. ఎలుకలు చెప్పలేవు గాబట్టి తూస్తన్నాం. నీకు నోరుంది గదా! డాక్టరు ఎట్టున్నావంటే ఏమంటావు?"

"ఫైన్ అంటా."

"ఫైనంట! ఇంట్లో డబ్బాలు విసురుతావు, ఆయన ముందు ఫైనా?"

"మరి తెల్లాయన ముందు ఏడవమంటావా?"

"ఏడువు! నేనూ వచ్చి ఏడుస్తా."

తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ముగ్గురం వెళ్ళాం. నన్నెవరూ పిలవలేదనుకోండి. లోపల అతను చొక్కా పైకెత్తి, బెల్టుకు తనే పొడుచుకున్న కొత్త రంధ్రాలు చూపించాడట. డాక్టరు ఆ బెల్టు చేతిలోకి తీసుకుని చూసి, ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడట.

"రక్తం తీశారు. మందు మార్చే సంగతి చూస్తామన్నారు," బయటికొచ్చి చెప్పాడు ఆషెర్. "అందాకా ఇయ్యే మానకుండా వేసుకోమన్నారు."

బస్‌స్టాపులో జనం ఉన్నారు. అతను జేబులోంచి డబ్బా తీసి, అక్క వైపు చెయ్యి చాపి నీళ్ళడిగాడు. సలోమి సీసా మూత తీసి ఇచ్చింది. అతను మా ఎదుటే మాత్ర మింగాడు.