మిత్కాల్ బావ పగటి నిద్ర

మిత్కాల్ మా ఫిద్దా అక్క మొగుడు, మా ఊరి ఠాణాలో పోలీసు. అంతకంటే ముందు చెప్పవలసిందేమిటంటే, ఆయన నిద్రకు మొహం వాచిన మనిషి. మధ్యాహ్నం భోంచేసి, బూట్లు విప్పేసి, ఎవరూ లేపకుండా సాయంత్రం దాకా పడుకోవాలన్నదే ఆయన జీవితాశయం. నవ్వకండి. ఉద్యోగంలో చేరిన నాటినుంచి అది ఒక్క రోజు కూడా కుదరలేదు.

ఆ ఉద్యోగమూ ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. మేకల బేరం చేసే వాళ్ల నాన్నకు కొడుకు ఒంటిమీద యూనిఫారం చూడాలని ముచ్చట. భర్తీ రోజున ఎత్తు కొలిచే చోట బావ వెంట్రుకవాసి తక్కువయ్యాడట. వెనకనుంచి ఎవరో సార్జెంటు గట్టిగా కసిరితే ఉలిక్కిపడి నిటారుగా అయిపోయాడు. సరిగ్గా అప్పుడే కొలిచేశారు.

"ధైర్యం చూసి తీసుకోలేదురా నన్ను, భయం చూసి తీసుకున్నారు," అంటాడు ఎవరడిగినా.

అప్పట్లో మా ఠాణా కళకళలాడేది. ఎదురుగానే నా ఫలాఫెల్ వడల కొట్టు. పొద్దున్నే వాళ్లందరికీ వేయించేసరికి నా చెయ్యి పడిపోయేది. తర్వాత ఒక్కొక్కరే సర్వీసు నిండగానే ముందస్తు రిటైర్మెంటు పెట్టేసి జారుకున్నారు. మా అజ్లూన్ కొండల్లో పోలీసులు తల నెరవకముందే పింఛనుదారులవుతారు. ఒకడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు, ఇంకొకడు బడి బస్సు తోలుతున్నాడు. పోనీ కొత్తవాళ్లు వస్తారా అంటే, భర్తీ ప్రకటన పడినప్పుడల్లా మా ఊరి కుర్రాళ్లందరికీ ఒక్కసారే నడుం నొప్పి వచ్చేది. ఒకడికి దుబాయి కావాలి, ఒకడికి ట్యాక్సీ కావాలి. చివరికి ఠాణాలో మిగిలింది ఒక అధికారి, వైర్‌లెస్ దగ్గర కూర్చునే మోకాళ్ల నొప్పుల సార్జెంటు, మా బావ.

దాంతో ఊరు ఊరంతా బావ మీద పడింది. ఎవరి మేక ఎవరి జాతర్ ఆకుల మడి మేసినా, పెళ్లిలో ఎవడు గాల్లోకి తుపాకీ పేల్చినా, నీళ్ల ట్యాంకరు ముందు ఎవరింటికి రావాలన్నా, ఠాణాకు పోవడం మానేసి నేరుగా ఇంటికే వచ్చేవారు. అదీ సరిగ్గా ఆయన దిండు మీద తల పెట్టిన వేళ చూసుకుని!

"ఇది ఇల్లా, ఠాణాకి పెరడా?" అని అక్క తలుపు దగ్గరే నిలబెట్టి దులిపేది. లోపలినుంచి బావ, "రానీవే, వచ్చేశాడుగా," అంటూ బూట్లు వెతుక్కునేవాడు. మెత్తదనం కూడా ఒక జబ్బే. మా బావకు అది ముదిరింది.

ఆఖరికి అక్క పోరగా పోరగా ఆయన కూడా రిటైర్మెంటుకు దరఖాస్తు పెట్టాడు. అధికారి సరేనన్నాడు. అక్క కొత్త పరుపు కుట్టించింది.

అదే వారం హాజీ ముఫ్లిహ్ మనవడు హజ్జా, ఒళ్లూ పై తెలియకుండా పికప్ తోలుతూ, బావ పెరటి గోడ కూల్చేశాడు. హాజీ మా ఊరికి పెద్ద, మా అమ్మకు స్వయానా అన్న. శుక్రవారం నమాజు కాగానే పెద్దలందర్నీ వెంటబెట్టుకుని బావ ఇంటికి జాహాగా, అంటే పెద్దల రాయబారంగా, బయల్దేరాడు. దారిలో నన్నూ కొట్టులోంచి లాక్కుపోయారు. గోడ విషయంలో క్షమాపణ అడగడానికే అనుకున్నాను. బావ కూడా అదే అనుకున్నాడు.

బావ మొదటి కప్పు కాఫీ హాజీ చేతికిచ్చాడు. హాజీ తాగకుండా కింద పెట్టాడు. అడగవలసింది ఉందన్నమాట. అది ఒప్పుకునేదాకా ఆ కప్పు ముట్టడు. హాజీ గొంతు సవరించుకుంటుండగానే మా మెత్తటి బావ తొందరపడ్డాడు.

"నోరు తెరిచి అడగాలా మామా? మీరు గడప తొక్కారు, అంతే చాలు. వచ్చిన పని అయిపోయినట్టే. తాగండి!"

హాజీ కప్పెత్తి గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. "అల్లా నిన్ను చల్లగా చూడాలి! అయితే రేపే ఆ రిటైర్మెంటు కాగితం వెనక్కి తీసేసుకో. నువ్వు పోతే ఈ ఊరికి దిక్కెవరు?"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దల ముందు మాటిచ్చేశాడు, ఇక వెనక్కి తీసుకునే దారి లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత పెద్దమనిషైతే మాత్రం, ఇలాగా బుట్టలో వేసుకోవడం!

అప్పుడు లోపలి తలుపు తెరుచుకుంది. అక్క చేతిలో తనకోసం పోసుకున్న కాఫీ కప్పు. తిన్నగా వచ్చి హాజీ ఎదురుగా కూర్చుని, కప్పు కింద పెట్టింది.

"నేనూ తాగను మామా. నాకూ ఒక కోరిక ఉంది."

"ఆడవాళ్లు ఇలా..." అని ఎవరో గొణిగారు. హాజీ చెయ్యెత్తి ఆపాడు. "అడగవే."

"మా ఆయన్ని అడగడానికి ఇంతమంది వచ్చారే! ఇంటికి ముగ్గురేసి కొడుకులున్నారు మీకు. ఒక్కడంటే ఒక్కడు పోలీసులో చేరాడా? ఈసారి భర్తీకి ఇక్కడున్న ప్రతి ఇంటినుంచీ ఒకణ్ణి పంపండి. ముందు మీ హజ్జాని. వాడొచ్చేదాకా ఈయన ఉంటాడు. ఆ తర్వాత ఈయన నా మొగుడు, మీ పోలీసు కాదు."

హాజీ గడ్డం నిమురుకుని పకపకా నవ్వేశాడు.

"తాగవే రాక్షసీ, తాగు. నీ కోరిక తీరింది."

భర్తీకి ఒక దండే వెళ్లింది. పరుగులో కొందరు, కళ్ల పరీక్షలో కొందరు తిరిగొచ్చారు. హజ్జా మాత్రం నెగ్గాడు. శిక్షణ పూర్తిచేసుకుని, మా అదృష్టం కొద్దీ మా ఠాణాకే వచ్చాడు. గోడలు కూల్చినవాడు ఇప్పుడు నెమ్మదిగా తోలమని అందరికీ పాఠాలు చెబుతున్నాడు.

బావ రిటైరైన రోజు మధ్యాహ్నం, అక్క పెట్టిన మన్సఫ్ మాంసాన్నం పీకలదాకా తిని కొత్త పరుపెక్కాడు. నేను వాకిట్లో కూర్చున్నాను. వీధి మొదట్లో హజ్జా యూనిఫారంలో నిలబడి, బండ్లన్నిటినీ అటునుంచి అటే తిప్పి పంపించేస్తున్నాడు. గ్యాస్ బండివాడు రోజూ వీధుల్లో మోగించే పాట ఆపేసి, ఇంజను కట్టేసి, సిలిండరు భుజాన మోసుకొచ్చాడు. ఎవరి మేకనో తిట్టుకుంటూ వచ్చిన హాజీ, గడపలో కూర్చున్న అక్క చూపు చూసి నోరు మూసుకుని, చెప్పులు చేతపట్టుకుని వెనక్కి తిరిగాడు. పిల్లలు సైగలతోనే ఆడుకున్నారు.

పొద్దుగూకే వేళకు బావ కళ్లు నులుముకుంటూ కంగారుగా బయటికొచ్చాడు.

"ఏమైందే? వీధి ఇంత నిశ్శబ్దంగా ఉంది, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు," అంది అక్క. "నువ్వు పడుకున్నావని."

బావ వీధి చివరిదాకా ఒకసారి చూశాడు. తర్వాత గడప మీద అక్క పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.