కవర్ తీయని బొమ్మ

ఇన్నేండ్ల సంది ఒక మాట కడుపుల పెట్టుకొని డ్యూటీకి పోయి వస్తాన. ఇంట్ల మా ఆయనకు సుత చెప్పలే. ఇగ నాతోని కాదు. పేరు అడగకుండ్రి, జర వినుండ్రి.

వరంగల్‌ల ఒక చిన్న ధర్మ దవాఖానల నేను పెద్ద సిస్టర్‌ను. పదిమంది ఇచ్చే దానంతోనే అది నడుస్తది. బట్టల షాపు సావుకారు ఒకాయన ఉండె. ఆయన మనవరాలు పుట్టంగనే ఊపిరందక పానం ఇడిసింది. ఇంకో ఇంట్ల అట్ల కావద్దని ఆయన మాకు శిక్షణ బొమ్మ కొనిచ్చిండు, ఊపిరి తీయని పసిపిల్లకు గాలి ఎట్ల అందియ్యాల్నో నేర్పేటానికి హైదరాబాద్ నుంచి ఒక మేడంను సుత పిలిపించిండు. పసిపిల్లంత బొమ్మ. మూతికి మాస్కు ఆనిచ్చి రబ్బరు సంచి ఒత్తితే దాని ఛాతి లేస్తది. మాస్కు జర పక్కకైతే లేవదు. రోజూ చెయ్యి పెట్టుండ్రి, లేకపోతే మర్చిపోతరు అని చెప్పి మేడం పోయింది.

మేమేం చేసినమంటే, బొమ్మకు బొట్టుపెట్టి, దండేసి, సావుకారుతోని ఫొటో దిగినం. తెల్లారి నేను దండ తీసి, బొట్టు తుడిచి, మళ్ల కవర్ల పెట్టి అద్దాల బీరువకు తాళమేసిన. దానమిచ్చినాయన వచ్చినప్పుడు వస్తువు కొత్తగ కనవడాలె, లేకపోతే ఇంకోటి ఇయ్యడు. మా దగ్గర అందరం అట్లనే అనుకుంటం. అది భయమా, పిసినారితనమా? తాళంచెవి నడుముకుంటే నాకు పెద్దరికం అనిపించేదా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగినా నాకే తెలుస్తలేదు.

సునీత తర్వాత చేరింది. తొర్రూరు పిల్ల, కొత్త నర్సు. మేడం నేర్పినప్పుడు ఆమె లేదు.

"అక్కా, జర ఆ బొమ్మ తీయవా? నాకు చెయ్యి కుదుర్తలేదు."

"కరాబైతదే. సావుకారుకు నువ్వు జవాబు చెప్తవా? కాన్పుల నేనుంట కదా, ఫికర్ చెయ్యకు."

మళ్ల రెండుమూడుసార్లు అడిగింది. తర్వాత అడుగుడు బంద్ చేసింది.

హసన్‌పర్తి దిక్కు నుంచి ఒకామె కాన్పుకు వచ్చిన రోజు నేను మా చెల్లె బిడ్డ పెండ్లిల ఉన్న. పుట్టిన పిల్ల ఏడ్వలే. డాక్టర్ పైన ఆపరేషన్ల ఉన్నడు. సునీత సంచి ఒత్తుతనే ఉన్నదట, గాలి పక్కకు పోతనే ఉన్నదట. డాక్టర్ ఉరికొచ్చేసరికి అయిపోయింది. నా పిల్ల ఏడ్సిందా అని తల్లి అడుగుతనే ఉన్నదని ఆయా చెప్పింది.

దవాఖాన నడిపే పెద్దసార్ అందరి ముందట నన్ను అడిగిండు, ఈమెకు నేర్పినవా అని. నేర్పిన సార్ అన్న. సునీత నా దిక్కు చూసింది. ఒక్క మాట అనలే. ఎందుకు అనలే? అక్కా అని పిలిచినందుకేనా? ఆమెను తీసేసిన్రు. మళ్ల ఏ దవాఖానల చేరలేదని విన్న.

సునీతకు చెయ్యి కుదిరి ఉన్నా ఆ పిల్ల బతికేది కాదేమో అని డాక్టర్ ఒకసారి అన్నడు. ఆ 'ఏమో'ను పట్టుకొని చానా రోజులు నిద్రపోయిన.

ఏడాది తిరిగినంక సావుకారు వచ్చిండు. అద్దంలకెల్లి బొమ్మను చూసి సంబురపడ్డడు. ఎంత పదిలంగ చూసుకున్నవమ్మా అని నాకు శాలువ కప్పిండు. కప్పించుకున్న.

ఇప్పుడు బొమ్మ బయటనే ఉంటది. కొత్త నర్సులు ఒత్తి ఒత్తి దాని ఛాతి వదులైంది. అంతమాత్రాన సునీత కొలువు తిరిగి రాదు, ఆ తల్లికి పిల్ల రాదు. మాఫ్ చెయ్యమని మిమ్మల్ని అడుగుతలేను, అది మీరు చేసేది కాదు. పెద్దసార్ అడిగినదానికి మాత్రం ఇయ్యాల జవాబు చెప్తాన.

నేర్పలే సార్. బొమ్మ బీరువల ఉండె. తాళంచెవి నా నడుముకు ఉండె.