ఆగమ్మ చెప్పిన ఆఖరి అధ్యాయం

హైదరాబాదు శాలిబండలో మెట్ల కింద ఉన్న చిన్న గదిలో ఆగమ్మ అద్దె పుస్తకాల దుకాణం నడిపేది. డెబ్బయ్యో దశకం మొదట్లో మా నాన్నకి ఉద్యోగం బదిలీ అయి బెజవాడ నుంచి ఆ వీధికి వచ్చాం. ఆగమ్మలాంటి మనిషి మా వీధిలో ఉండేదని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.

డిటెక్టివ్ నవలలు తీసుకెళ్లినవాళ్లకి తిరిగివ్వడం గుర్తుండదు. అందుకని ఆగమ్మ ప్రతి నవల ఆఖరి అధ్యాయాన్నీ బ్లేడుతో కోసి, విడిగా దారంతో కుట్టి, బిస్కట్ల డబ్బాలో దాచేది. పుస్తకం తిరిగిచ్చి, అక్కడే బల్ల మీద కూర్చుని మిగతాది చదువుకోవాలి. హంతకుడెవరో తెలియక నిద్రపట్టని పెద్దమనుషులు తెల్లారేసరికి ఆవిడ గుమ్మంలో ఉండేవారు.

భర్త పోయినప్పటి నుంచి దుకాణం మూసెయ్యమని మరిది మొగులయ్య పోరుతూనే ఉన్నాడు. ఆ గదిలో సైకిళ్ల రిపేరు పెట్టుకోవాలని అతని ఆశ.

"ఆడమనిషికి గీ లొల్లి ఎందుకు వదినె? నీకు ఇంత బువ్వ నేను పెట్టనా?" అనేవాడు.

"నా బువ్వ నేను తింటున్న గదా మొగులయ్యా," అనేది ఆవిడ, కుట్టే పుస్తకం మీంచి తలెత్తకుండా.

ఒక వేసవి సెలవుల్లో జ్వాల అనే పదిహేనేళ్ల గూఢచారి పిల్ల నవల మా వీధి పిల్లల్ని పట్టి ఊపేసింది. ఒకే ప్రతి అద్దెకు తెచ్చుకుని వంతులవారీగా చదివాం. శత్రువులు జ్వాలని ఓడ అడుగున తాళ్లతో కట్టేశారు. ఓడలోకి నీళ్లు వస్తున్నాయి. అక్కడితో మా పుస్తకం అయిపోయింది. ఆదివారం పొద్దున అందరం దుకాణానికి వెళ్లాలని, ఆఖరి అధ్యాయం నేను పైకి చదవాలని ఒప్పందం.

శనివారం అకాల వాన దంచికొట్టి, దుకాణం కప్పు కారింది. మా కోసమని ఆగమ్మ ముందే తీసి డబ్బా మీద పెట్టిన కాగితాలు నానిన అటుకుల ముద్దలా అయ్యాయి.

ఆదివారం పొద్దున మేమంతా వెళ్లేసరికి మొగులయ్య కూడా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "సూసినవా వదినె. సగం పుస్తకానికి కిరాయి తీస్తున్నవని గల్లీ అంత చెప్పుకుంటరు. ఇగ ఎవరొస్తరు నీ దుకాణానికి?"

అతను అన్నదీ నిజమే. దుకాణం పోతే ఆవిడ అతని పంచన చేరాల్సిందే. నాకు ఆగమ్మ మీద జాలి, జ్వాల గురించి భయం, రెండూ కలిసి ఏడుపొచ్చింది.

"కాయితాలు పోతే పోయినయి. నేను సదివిన గదా. కూసోండ్రి," అంది ఆగమ్మ.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఓడ అడుగున జ్వాల ఏడవలేదు. చేతుల కట్టుని తుప్పుపట్టిన మేకుకేసి రాసి రాసి తెంపింది. చర్మం లేచిపోయినా ఆపలేదు. తనను వెతుక్కుంటూ వచ్చి శత్రువులకు చిక్కిన మేనమామను కూడా విడిపించి, పడవెక్కించింది. తెడ్డు ఇటివ్వమని ఆయన అడిగితే, "నువ్వు కూసో మామా, నాకు తొవ్వ తెలుసు" అంది. జ్వాల శాలిబండ తెలుగు మాట్లాడుతుంటే మాలో ఎవరికీ వింత అనిపించలేదు. పాలు పోసే ఓదెలు సైకిలు దిగి మరీ విన్నాడు. మొగులయ్య కూడా కదల్లేదు.

దసరాకి బెజవాడ వెళ్లినప్పుడు మా పిన్ని ఇంట్లో అదే నవల పూర్తి పుస్తకం దొరికింది. అందులో ఆఖరికి జ్వాల స్పృహ తప్పి పడిపోతుంది. మేనమామ పోలీసులతో వచ్చి భుజాన వేసుకుని బయటికి తెస్తాడు. ఇక బుద్ధిగా ఇంట్లో ఉంటానని జ్వాల ఆయనకి మాటిస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరిగొచ్చి అడిగాను. "పుస్తకంలో అలా లేదు కదత్తా. మర్చిపోయావా?"

"మర్సిపోలే బిడ్డా. పుస్తకం పొడుగునా కొట్లాడిన పిల్ల ఆఖర్ల గట్లెట్ల పడిపోతది? రాసినాయన తప్పు జేసిండు, నేను సరిజేసిన," అంటూ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మొగులయ్య సైకిళ్ల రిపేరుకి ఫలక్‌నుమా దగ్గర వేరే గది చూసుకున్నాడు. మేం ఆ వీధి వదిలి వెళ్లేనాటికి కూడా మెట్ల కింది దుకాణం ఆగమ్మదే.

మొన్న పాత పుస్తకాల్లో ఆ నవల కనిపిస్తే కొని మా అమ్మాయికి ఇచ్చాను. ఇచ్చేముందు ఆఖరి అధ్యాయాన్ని బ్లేడుతో కోసి పారేశాను. సాయంత్రానికల్లా పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, మిగతాది ఏదీ?"

"కూసో బిడ్డా," అన్నాను.