టైపింగ్ షాపు అక్క అడిగిన రుజువు

అనుమానం వస్తే గౌలిపుర టైపింగ్ షాపు అక్క వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయేవి. బాబాల మహిమలకు వేదికలెక్కి రుజువులడిగే నేను, పాడి కుటుంబాల మీద నా థీసిస్‌లో పరిశోధన పద్ధతి అధ్యాయాన్ని సీనియర్ల థీసిస్‌ల నుంచి, వంద ఇళ్ల సర్వేతో సహా ఎత్తి రాసి ఆమెకు టైపుకిచ్చాను.

"వంద ఇండ్లు తిరిగినవా తమ్మీ? గిదే ముచ్చట ముగ్గురికి టైప్ జేసిన."

"నలభై తిరిగిన. అందరు గిట్లనే రాస్తరక్కా!"

"అందరు మొక్కితే నువ్వు బాబాకు మొక్కుతవా?"

సిగ్గేసింది. డిగ్రీ ఆగిపోతుందని తెలిసీ నలభై అనే కొట్టమన్నాను. గైడు తిప్పి పంపాడు. అక్కను తిట్టుకుంటూనే మిగతా ఇళ్లు తిరిగాను. ఒక ముసలామె పాలు కాచి ఇచ్చి, "గిట్ల అడగనీకి ఇప్పటిదాంక ఎవ్వలు రాలే బిడ్డా" అంది.

ఆ మాట అక్కకు చెప్పాను.

"గది గూడ రాయి" అంది.