హేమకు వినిపించని నా ఈల

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తాను. ఫోన్ మోగింది. బాగేపల్లి నుంచి మా తమ్ముడు.

"హేమక్క పోయిందక్కా. నిద్రలోనే."

షట్టర్ అలాగే వదిలేసి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎదురు టీ అంగడాయన నీళ్ళు తెచ్చిచ్చాడు. తాగానో లేదో గుర్తు లేదు.

మొదట వచ్చిన ఆలోచన, మా మేఘనకు ఎలా చెప్పాలి అని.

రెండోది చెబితే మీరంతా తిట్టుకుంటారు. నేను పోయినా నా కూతురు ఇంతగా ఏడుస్తుందా అనిపించింది.

తిట్టుకోండి. హేమ ఉన్నన్నాళ్ళూ దాని మీద కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఒక్క ఫోన్‌కాల్‌తో ఆ కుళ్ళు ఎక్కడికి పోతుంది?

తెలియనివాళ్ళకు చెబుతాను. హేమ మా చిన్నమ్మ కూతురు, నాకంటే చిన్నది. బాగేపల్లి పీయూ కాలేజీలో, అంటే ఇంటర్ పిల్లలకు, జువాలజీ లెక్చరర్. చుట్టూ వేరుశనగ చేలు, సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. దానికేమో తిమింగలాల పిచ్చి. సెలవు పెట్టి కార్వార్ వెళ్ళి పడవలో డాల్ఫిన్లను చూసొచ్చేది. ఆన్‌లైన్ కోర్సులు చేసేది. తనకు పిల్లల్లేరు, పెళ్ళే వద్దనుకుంది.

నాకు చింతామణిలో ఫ్యాన్సీ స్టోర్, ఒక్కతే కూతురు. స్కూలుకు సెలవులిస్తే చాలు, ఆ ఒక్క కూతురూ బ్యాగు సర్దుకుని హేమ చిన్నమ్మ దగ్గరికి బస్సెక్కేసేది.

ఒకసారి బెంగళూరు హోల్‌సేల్ అంగడిలో నీలం రబ్బరు డాల్ఫిన్ కనిపించింది. ఈసారి నేనే ముందు అనుకుని, బ్యాగులో దాచి మరీ తెచ్చాను. మేఘన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని తోక నిలువుగా ఉండాదమ్మా. అది చేపకు. డాల్ఫిన్‌కు అడ్డంగా ఉంటాది, పైకీ కిందికీ ఆడిస్తాది."

ఎవరు చెప్పారని నేను అడగలేదు. అడగాలా?

ఆ బొమ్మ ఇప్పటికీ గాజుల స్టాండ్ వెనకాల పడి ఉంది. అమ్మడానికి మనసు రాలేదు.

పోయిన ఎండాకాలం అందరం మంచేనహళ్ళి పక్కన మా అవ్వ ఊరికి వెళ్ళాం. కళ్ళం ఖాళీగా ఉంది. హేమ తాడు పట్టి కొలిచి, ముగ్గుపిండితో నీలి తిమింగలాన్ని గీసింది, అసలు సైజులో. దాదాపు మూడు బస్సులు వరసగా నిలబెట్టినంత. మేఘన తాడు రెండో కొస పట్టుకుంది. నాకు ఇచ్చిన పని ముగ్గు డబ్బా మోయడం.

ఊళ్ళో ఆడవాళ్ళంతా చేరారు. ముగ్గు కదా, ఒక్కరూ తొక్కలేదు. చుట్టూ తిరిగి చూశారు. ఒకావిడ మత్స్యావతారం అనుకుని తల దగ్గర పసుపు, కుంకుమ పెట్టేసింది. హేమ నవ్వి, ఇది చేప కాదు, మనలాగే బిడ్డను కని పాలు ఇస్తుంది అని చెప్పింది.

పాలు అనేసరికి మా అవ్వ ముందుకొచ్చింది. రోజూ డెయిరీకి పాలు పోసే మనిషి.

"ఫ్యాట్ ఎంత వస్తాదే?"

"మన ఆవు పాలకు పదింతలు ఉంటాది అవ్వా."

అవ్వ ఆ ముగ్గును తల నుంచి తోక దాకా చూసింది. "బాగానే ఉండాది. యాడ కట్టేసేది దాన్ని?"

కళ్ళమంతా ఒకటే నవ్వు. మేఘన హేమ నడుం వాటేసుకుని నవ్వింది. నేనూ నవ్వాను, డబ్బా పట్టుకుని.

ఆ సాయంత్రం ఈలలు మొదలయ్యాయి.

ప్రతి డాల్ఫిన్‌కూ తనదైన ఈల ఒకటి ఉంటుందట, మన పేరులాగా. మిగతావి ఆ ఈల వేసి దాన్ని పిలుస్తాయట. అందుకని హేమకొక ఈల, మేఘనకొక ఈల. ఒకరు మిద్దె మీద, ఒకరు పెరట్లో నిలబడి, అవతలివాళ్ళ ఈల వేసి పిలుచుకోవడం. దీపాల వేళ ఈల వేస్తే పాములొస్తాయని అవ్వ అరుస్తూనే ఉంది. వింటేగా!

నాకు ఒళ్ళు మండింది. నాకెందుకు పెట్టలేదే అని నవ్వుతూ అడిగినట్టు అడిగాను.

"ఒకరు పెట్టేది కాదక్కా. ఎవరిది వాళ్ళే చేసుకోవల్ల. నువ్వు వెయ్యి, నేను నేర్చుకుంటా."

ఈ వయసులో ఈలలేమిటన్నాను. అసలు సంగతి, నాకు ఈల వేయడం రాదు. కూతురి ముందు నవ్వులపాలు కావడం ఇష్టం లేకపోయింది.

నిన్న మధ్యాహ్నం బాగేపల్లిలో హేమను ఎత్తేటప్పుడు మేఘన గడపలో నిలబడి ఈల వేసింది. హేమ ఈల. అవ్వ కూడా పాములంటూ అరవలేదు. వేసి, బదులు కోసం కాసేపు చూసింది పిల్ల.

ఏడుస్తూనే ఉన్నాను. ఏడుస్తూనే, నన్నెవరైనా ఇలా పిలుస్తారా అనుకున్నాను. ఏం మనసో నాది.

ఇంటికొచ్చాక మేఘన గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నం వద్దంది. తల మీద చెయ్యి వేస్తే తీసేసింది.

ఈ పొద్దున వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి పెదాలు సున్నాలా చుట్టాను. గాలే వచ్చింది. మళ్ళీ ఊదాను. మళ్ళీ గాలే. చివరికి ఒకటి వచ్చింది, వంకరగా, మధ్యలో తెగిపోయి. పాత కుక్కర్ కూడా అంతకంటే బాగా కూస్తుంది.

పొయ్యి వెలిగించబోయాను.

అప్పుడు మేఘన గదిలోంచి వచ్చింది, నా ఈల. అదే వంకర. తెగిన చోటే తెగింది.

హేమా, నేర్చుకుంటానన్నది నువ్వు. నీకంటే ముందు నా కూతురు నేర్చుకుంది. ఒక్కసారైనా నిన్ను గెలిచాను, చూడడానికి నువ్వు లేవు.

ఏళ్ళు గడిచినా డాల్ఫిన్లు నేస్తం ఈలను మరిచిపోవని నువ్వే చెప్పావు. మేఘన నీది మరిచిపోదు. దానికీ నాకు కుళ్ళే.

హాయిగా ఉండు చెల్లీ, నీకిష్టమైన ఆ నీళ్ళంత చల్లగా.

నీ ఈల నాకింకా సరిగ్గా రావడం లేదు. మేఘన నేర్పిస్తోంది.