యిర్మియా చక్రం

ఒక బాల్చీ నీళ్లు ఎన్నిసార్లు వాడితే యిర్మియాకు తృప్తి? ఇంతకాలం గడిచినా పుష్పవతి దగ్గర దీనికి జవాబు లేదు. నీళ్లను వదిలిపెట్టలేకపోవడం ఆమె భర్తకున్న ఒకే ఒక్క జబ్బు. మిగతా అన్నింటిలోనూ మంచివాడే. అందుకే ఆమెకు మరింత ఒళ్లు మండేది. తిట్టడానికి రెండో కారణం దొరకదు.

ఓడల ఇంజను గదిలో చాకిరీ చేసి రిటైరయ్యాడు. ఇంజనును చల్లబరిచే మంచినీళ్లు ఎక్కడికీ పోవని, వేడెక్కి బయటికొచ్చి, పక్క గొట్టాల్లో పారే సముద్రపు నీళ్ల వల్ల చల్లారి, మళ్లీ ఇంజనులోకే వెళతాయని అక్కడ చూశాడు. దానికి చక్రం అని పేరు పెట్టుకుని, దీవిలోని బతు బస్తీలో తన పెరట్లో కట్టేశాడు. స్నానాలగది నీళ్లు కంకర, ఇసుక, కొబ్బరిచిప్పల బొగ్గు వేసిన గుంటలోంచి వడిసి కింది డ్రమ్ములో పడతాయి. చేతిపంపు కొడితే పై డ్రమ్ముకెక్కుతాయి. అక్కడి నుంచి మళ్లీ స్నానాలగదికి. పంపు కొట్టే ఉద్యోగం పుష్పవతిది. తాగడానికీ వంటకూ మాత్రం కుళాయి నీళ్లే. అంతవరకూ దయ చూపించాడు.

చక్రం గురించి చెప్పకుండా ఎవరినీ వదిలేవాడు కాదు. అబర్డీన్ బజారులో ఆగిన బస్సు రేడియేటరు చూపించి ఇదీ చక్రమేనని బోధిస్తుంటే బస్సు ఆలస్యమయ్యేది. ఐసు తెమ్మని ఫ్యాక్టరీకి పంపితే, అక్కడి గొట్టాల మీద పడ్డ నీళ్లే మళ్లీ పైకెక్కి పడటం కళ్లారా చూసి, ఐసు మరిచిపోయి తిరిగొచ్చేవాడు.

పక్కింటి గురువమ్మ చేపలు కడిగిన నీళ్లు పారబోయబోతే ఒకసారి గోడ మీంచి చెయ్యి చాచాడు.

“భయ్యా, ఇయి సేపల నీల్లు. మీ యింటికి పిల్లులొచ్చేస్తాయి,” అందామె.

చక్రానికి పనికిరాకపోయినా కొబ్బరి మొక్కకు పనికొస్తాయని తీసుకున్నాడు. పిల్లులు వచ్చాయి. పుష్పవతి పంపు కొడుతుంటే చుట్టూ కూర్చుని చూసేవి.

ఆ వేసవిలో కుళాయి ఎప్పుడో గాని వచ్చేది కాదు. వచ్చినప్పుడు వంటకు పోను తక్కిన నీళ్లను యిర్మియా గొట్టం పెట్టి పెరట్లోని పాకలోకి మళ్లించేవాడు. ఎందుకని అడిగితే, తిరిగేకొద్దీ నీళ్లలో ఉప్పూ సబ్బూ చిక్కబడతాయని, కాసిన్ని వదిలేసి కాసిన్ని కొత్తవి కలపకపోతే చక్రం పాడవుతుందని చెప్పేవాడు.

“మీ చక్రం నాకన్నా ఎక్కువ తాగుతోంది,” అనేది పుష్పవతి. పాకకు ఎప్పుడూ తాళమే. లోపల ఓడ సామాను ఉందనేవాడు.

ఆ వేసవి మొదట్లోనే ఆమె తల్లి ప్రేమావతి ఈస్టరుకు బాప్తిస్మం తీసుకుంటానంది. పుట్టినప్పటి నుంచీ చర్చికి వెళ్లే మనిషే గాని, నీళ్లలో మునగాలంటే వణుకు. విశాఖ నుంచి ఓడలో ఈ దీవికి వచ్చినప్పుడు దారంతా వాంతులయ్యాయి. ఆనాటి నుంచి సముద్రం కనబడే వైపు ముఖం పెట్టి కూర్చోదు. వాళ్ల సంఘంలో బాప్తిస్మాలేమో సముద్రంలోనే. ఈమధ్య చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టాక, అందులోనైతే సరేనంది. తీరా ఈస్టరుకు వారం ముందు, మట్టలాదివారం నాడు పాస్టరు బాలస్వామిగారు, తొట్టి నింపడానికి నీళ్లు లేవు, వానలదాకా ఆగుదామన్నారు.

“వానలదాకా నా ధైర్యం ఆగదే,” అంది ప్రేమావతి కూతురితో.

అది పుష్పవతికీ తెలుసు. ఆ ధైర్యం రావడానికే తల్లికి ఇన్నేళ్లు పట్టింది. ఇంటికొచ్చి భర్త మీద విరుచుకుపడింది. చక్రానికి తాగించిన నీళ్లు దాచి ఉంటే అమ్మ ఈపాటికి మునిగి లేచేదంది. యిర్మియా తల గోక్కుని, నేను చూస్తాలే అన్నాడు. అసలు భయం ఆమెకు అప్పుడు పట్టుకుంది.

ఈస్టరు పొద్దున చర్చికి వెళ్లేసరికి తొట్టి అంచుదాకా నిండి ఉంది. పక్కనే తోపుడుబండి నిండా ఖాళీ డ్రమ్ములు, గొట్టం చుట్ట భుజాన వేసుకుని యిర్మియా. ఇంటిల్లిపాది సబ్బూ, తన తలనూనే పుష్పవతి కళ్లముందు తేలాయి.

“ఏవండీ, ఇవి మనింటి నీళ్లా?”

“మనింటివే,” అన్నాడు గర్వంగా.

ఆమె వేళ్లు ముంచి వాసన చూసింది. ఏ వాసనా లేదు. ఈలోగా తెల్లచీరలో ప్రేమావతి మెట్టు మీదికొచ్చి, నీళ్లనూ అల్లుణ్ణీ మార్చి మార్చి చూసింది.

“అల్లుడూ, సచ్ బోలో. ఇవి ఎన్నిసార్లు తిరిగినయ్యి?”

యిర్మియా దొరికిపోయినవాడిలా నేలచూపులు చూశాడు.

“ఒక్కసారి కూడా లేదత్తా. అన్నీ కొత్తవే. తొట్టి కట్టి, నువ్వు సరే అన్న రోజు నుంచీ దాస్తున్నా. ఎండాకాలం సంగతి మనకి తెలియంది కాదుగా.”

పాకలో ఓడ సామాను లేదు. ఉన్నవన్నీ మూతలు బిగించిన డ్రమ్ములు. ఇంటిల్లిపాదికీ తిరిగిన నీళ్లే పోయించి, తిరగనివన్నీ అత్తకోసం దాచాడు. ఆ మాటేదో నాతో చెప్పొచ్చుగా అని పుష్పవతి పళ్లు నూరితే, చెబితే బట్టలకోసారి, తలస్నానానికోసారి అడిగేదానివన్నాడు. అది నిజం కావడం ఆమెకు మరీ మంటగా ఉంది.

ప్రేమావతి మునిగింది, లేచింది. కేక వేయలేదు. తరువాత పాటలు, చాయ్, బిస్కెట్లు. బాలస్వామిగారు యిర్మియాను ముందుకు పిలిచి నాలుగు మంచి మాటలు చెబుదామనుకున్నారు. మనిషి లేడు. పోయొస్తానని అత్తకు చెప్పలేదు, పెళ్లానికి చెప్పలేదు.

పుష్పవతి చర్చి వెనక్కి వెళ్లింది. తొట్టి ఖాళీ. గొట్టం లేదు, తోపుడుబండి లేదు, డ్రమ్ములు లేవు. తాడు మీద తల్లి తడిచీర మాత్రం ఆరుతోంది. దాని కింద తమ ఇంటి బాల్చీ.

చీర చివర నుంచి చుక్కలు బాల్చీ పక్కన నేల మీద పడుతున్నాయి. ఆమె అటూ ఇటూ చూసి, కాలితో బాల్చీని కాస్త ఇవతలికి జరిపింది.