ఆ కవితలో ‘నువ్వు’ ఎవరు

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే రాయలేను. పదకొండేళ్లుగా ఈ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతోంది. రాజాంలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. ఏటా మొదటి క్లాసులో పిల్లలకు చెప్పేది ఒకటే: కవిత చేతికి రాగానే రెండు అడగండి. మాట్లాడుతున్నది ఎవరు? ఎవరితో? అది చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరిగిపోతాను. నా మొహం చూసి ఎవరైనా పసిగడతారేమోనని భయం.

అప్పుడు నా డిగ్రీ ఆఖరి ఏడాది క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. పై చదువుకు విశాఖపట్నం వెళ్లమని ఎగదోసింది నేనే. ఇంట్లో ఒప్పుకోరంది. ముందు ఎంట్రన్స్ రాయి, తరువాత చూద్దాం అన్నాను. దరఖాస్తు తెచ్చి, స్టాఫ్‌రూమ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని నింపించాను. ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

నెల తిరక్కుండా వాళ్ల నాన్న వచ్చాడు. ధాన్యం వ్యాపారి, మా యాజమాన్యానికి బాగా కావలసినవాడు. నాదేమో ఏటేటా పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. కూతురి నోట్సులో దొరికిన కాగితం నా ముందు పెట్టాడు. అరవలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

పిన్నీసు పెట్టిన సంచిలో
నా దారి మోసుకొచ్చావు
నువ్వు రమ్మంటే చాలు
ఇంట్లో చెప్పకుండా వచ్చేస్తాను

“ఈ ‘నువ్వు’ ఎవుడు మేడమ్? అడిగితే అది నోరిప్పట్లేదు. మీకు తెలీకుండా ఉంటాదేటి, సెప్పండి.”

జిప్పు పాడైతే పిన్నీసుతో బిగించిన నా బ్యాగు బల్ల మీదే ఉంది. ఆ అమ్మాయికి దరఖాస్తు అందులోంచే తీసి ఇచ్చాను. మొదటి పాదంలోనే తెలిసిపోయింది, ఆ ‘నువ్వు’ నేనేనని. చీర కొంగు బ్యాగు మీదికి లాగాను.

“ఎవరో అబ్బాయి అయ్యుంటాడండి,” అన్నాను.

“నానూ అదే అనుకున్నాను. ఇంక దీన్ని కాలేజీకి పంపను.” నాకు దండం పెట్టి మరీ వెళ్లాడు.

ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఆఖరి పరీక్షలు కూడా రాయలేదు. వేసవిలోనే పెళ్లి చేసేశారని విన్నాను. మా మేడమ్‌కి రాశానని ఒక్క మాట అని ఉంటే నా ఉద్యోగం పోయేది, తన మీద నింద పోయేది. అనలేదు. ఎందుకని? నేనే వచ్చి చెబుతానని ఎదురుచూసిందా? నిజం చెప్పినా ఆయన చదువు మాన్పించేవాడేనని, నన్ను తీసేస్తే మిగతా పిల్లలకు నష్టమని, ఇన్నేళ్లలో నాకు నేను చెప్పుకోని సాకు లేదు, కానీ వాళ్ల ఊరి బస్సు కాలేజీ ముందు ఆగితే చాలు, ఇప్పటికీ కిటికీ దగ్గర నిలబడలేను.

పోయిన నెల విజయనగరంలో ఒక బట్టల కొట్లో ఆ అమ్మాయే వెనకనుంచి పిలిచింది, మేడమ్ అని. నవ్వుతోంది. బాగున్నారా అంది. ఎవరో అనుకున్నట్టున్నావమ్మా, నేను కాదు, అనేసి మెట్లు దిగి వచ్చేశాను. అప్పుడు ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఇప్పుడు దేనికి? ఇప్పుడు నాది పర్మనెంటు.

క్షమించమని అడగడం లేదు. ఎవరిని అడగాలి, ఏ మొహంతో? ఆ కవిత ఏ అబ్బాయికీ రాసింది కాదు. నాకు రాసింది. ఈ మాట రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.